బుసబుస పొంగే బిళ్ల

నీళ్లలో వేయగానే పొంగే షర్బత్ బిళ్లను ఇంట్లోనే చేసుకోవచ్చు. గ్లాసుకు నిమ్మ ఉప్పు, వంట సోడా పావు చెంచా చొప్పున, పంచదార పొడి రెండు చెంచాలు చాలు. తినే రకం నిమ్మ ఉప్పే కొనండి.

పొడిగా ఉన్నంతసేపు నిమ్మ ఉప్పు, సోడా రెండూ కదలవు. తడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి. దాంతోపాటు కొత్తగా నీరూ పుట్టి, తడి పక్కకు పాకుతుంది. అందుకే చిన్న చెమ్మకే డబ్బా అంతా పాడైపోతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

మూడింటినీ పొడిగానే కలిపి చిన్న అచ్చులో గట్టిగా అదమండి. బిళ్ల విరిగినా బెంగ లేదు, పొడీ అంతే పొంగుతుంది. మూత బిగించిన సీసాలో మాత్రం కలపకండి, పగిలే ప్రమాదం ఉంది. సోడాలో సోడియం ఉంటుంది కనుక రక్తపోటు ఉన్నవారు డాక్టరునడిగి తాగండి.