పెద్దకర్మ గడచిన పిదప
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, మూసీనది దక్షిణపు టొడ్డున చైతన్యపురి యను పేట కలదు. అచ్చటి కోసగుండ్ల నరసింహస్వామి ఆలయము చెంత ఒక బండపై ప్రాకృత భాషలో చెక్కిన శాసన మున్నది. అది పదునైదువందల యేండ్ల నాటిది. గోవిందరాజ విహార మను బౌద్ధవిహారమును, అందలి పిండపాతిక భిక్షువులను అది పేర్కొనుచున్నది. పిండపాతికులనగా ఇంటింటికి పోయి, పెట్టిన పిడికెడు మెతుకులతో జీవించువారు. నేడు ఆ బండ చుట్టును మేడలు లేచినవి. కొలది దూరమున మెట్రో రైలు పోవుచున్నది. కాని ఇంటింటి తలుపు తట్టిన ఆ భిక్షువుల మార్గము నేటి మాటకు చక్కగ ఉపకరించును.

కిసాగోతమి కథ పలువురు ఎరిగినదే. బిడ్డ చనిపోగా ఆమె ఆ శవమును భుజమున వేసికొని మందు కొరకు తిరిగెను. మరణమెరుగని ఇంటి నుండి గుప్పెడు ఆవాలు తెమ్మని బుద్ధుడు చెప్పెను. ఆవాలు ప్రతి ఇంటను ఉన్నవి. మరణము లేని ఇల్లు మాత్రము దొరకలేదు. మరణ మందరికిని తప్పదను నీతిని చెప్పుటకే ఈ కథను సాధారణముగ వాడుదురు. అయితే, ఆ నీతిని బుద్ధుడు మొదటనే చెప్పి పంపివేయవచ్చును గదా? చెప్పలేదు. ఆమెను ఇరుగుపొరుగు ఇండ్లకు పంపెను. ప్రతి ఇల్లాలును గడపలో నిలిచి, తన ఇంట పోయినవారిని గూర్చి చెప్పి యుండును. గోతమి మాటను విని యుండును. ఊరు ఊరంతయు విన్న పిదపనే ఆమె బిడ్డను దించగలిగెను. దుఃఖమునకు తొలి మందు ఉపదేశము కాదు, వినెడి చెవి.

తెలుగు పల్లెలలో పెద్ద లేర్పరచిన ఆచారములందు ఈ తెలివి కలదు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగింపరు. వియ్యంకులో, ఇరుగుపొరుగువారో అన్నము వండి తెత్తురు. బంధువులు వరుసగా పలకరింపునకు వత్తురు. మూడవనాడు పిట్టకు ముద్ద పెట్టుటకు నలుగురును కూడుదురు. పెద్దకర్మ అయిన పిమ్మట దుఃఖములో నున్నవారిని చుట్టముల ఇంట ఒక రాత్రి నిద్రకు కొనిపోవుదురు. ఒంటరితనమును విరుచుటయే వీని పరమార్థము. ఇందు విడువదగిన దొక్కటి కలదు. భర్త పోయిన స్త్రీని పదిమంది నడుమ కూర్చుండబెట్టి గాజులు పగులగొట్టుట, బొట్టు చెరుపుట, తరువాత శుభకార్యములందు వెనుకకు నెట్టుట ఓదార్పు కాదు. పుండుపై కారము చల్లుటయే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. నాటి నుండి నూట నలువదేండ్లు దాటినను, కూతురి పెండ్లిలో కన్నతల్లి అక్షతలు వేయుటకు జంకెడి ఇండ్లు ఇంకను ఉండుట విచారకరము.

అసలు కష్టము పెద్దకర్మ గడచిన పిదప మొదలగును. పందిరి విప్పుదురు, చుట్టములు బస్సెక్కుదురు. పండ్రెండవనాటి ఉదయమున ఆ ఇంట ఒక గ్లాసు కాఫీ తగ్గును. సాయంకాలము అలవాటుగ ఒక చెవి గేటు చప్పుడు కొరకు ఎదురుచూచును. అప్పుడెవ్వరును ఉండరు.

చైతన్యపురి ప్రక్కనే యున్న దిల్‌సుఖ్‌నగరు దీనికి సాక్ష్యము. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము, జనము క్రిక్కిరిసి యున్న వేళ, అచ్చట రెండు బాంబులు ప్రేలినవి. 18 ప్రాణములు పోయినవి. నూరుమందికి పైగా గాయపడిరి. అది జిల్లాల నుండి చదువులకు, కొలువులకు, బేరములకు వచ్చినవారితో నిత్యము నిండి యుండు కూడలి. నగరములో జరిగిన ఆ ఘాతము దూరపు ఊళ్ళలోని ఇండ్లను కూడ తాకెను. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురికి మరణశిక్ష విధించినది; 2025 ఏప్రిల్ 8వ తేదీన తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దానిని స్థిరపరచినది. ఈ నడుమ పండ్రెండేండ్లు గడచినవి. ప్రతి తీర్పు నాడును పత్రికలలో ఆ వార్త మరల పెద్ద అక్షరములతో వచ్చుచుండెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి అది పాతవార్త కాదు. దుఃఖమున కిట్టి తేదీలు కలవు: పుట్టినరోజు, పెండ్లిరోజు, తొలి సంక్రాంతి, సంవత్సరీకము. ఆ దినములందు గుర్తుంచుకొని ఒక పూట పోయి కూర్చుండుటయే నిజమైన చుట్టరికము.

పోయినవారి పేరెత్తిన వీరు బాధపడుదురేమో యని చాలమంది ఆ మాటయే దాటవేయుదురు. ఇది మంచి తలంపే యైనను ఫలము వేరు. ఆ పేరు ఎవ్వరును పలుకకున్న, తాము తప్ప లోకమంతయు మరచిపోయినదని వారికి తోచును. ‘అంతా కర్మ, ఏడ్చి ఏమి లాభము, ధైర్యముగ ఉండుము’ అనుటకంటె, ‘మీవారు మా పొలములో బావి త్రవ్వినప్పుడు వచ్చి నిలిచినారు’ అని ఒక జ్ఞాపకము చెప్పుట మేలు. ‘ఏమైన కావలసిన చెప్పుడు’ అని పోవుటకంటె, చెప్పకయే పిల్లలను బడికి దింపుట, పశువులకు మేత వేయుట మేలు. పిల్లలకు ‘నాన్న ఊరికి పోయినాడు’ అని చెప్పరాదు. ఊరికి పోయినవాడు తిరిగి వచ్చును గనుక బిడ్డ వాకిట ఎదురుచూచును. మెల్లగ, సత్యమే చెప్పవలెను.

కుటుంబములో ఒకరి దుఃఖమును మరియొకరు ఎట్లు మోయుదురో చూపుటకు గ్రంథాలయోద్యమ చరిత్రలోనే ఒక ఇల్లు కలదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు, భండారు అచ్చమాంబగారు తోబుట్టువులు. చిన్ననాడే తండ్రి పోయెను. అచ్చమాంబ పెండ్లియై నాగపురము వైపు పోగా, తమ్ముని తన ఇంట నుంచుకొని చదివించెను. ఆ తమ్ముడు తాను నేర్చిన చదువును అక్కకు నేర్పెను. ఆమెకు కలిగిన ఇద్దరు బిడ్డలును చనిపోయిరి. ఆమె తలుపు మూసికొని కూర్చుండలేదు. అనాథ బాలలను ఇంట చేర్చుకొని పెంచెను, విద్య చెప్పించెను. స్త్రీల చరిత్రలను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా కూర్చెను. 1905లో, ముప్పదియొక్క యేండ్లయినను నిండకయే ఆమె కన్నుమూసెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో ఆ తమ్ము డొకడు. తండ్రి లేని ఇంట అక్క పెట్టిన అన్నము ఎంత దూరము ఫలించినదో ఇందువలన తెలియుచున్నది.

మరణము మాత్రమే నష్టము కాదు. కూతురు అత్తవారింటికి పోవుట, కొడుకు పరదేశమునకు పోవుట, ఉద్యోగ విరమణ, పొలము అమ్ముకొనుట, ఇవన్నియు చిన్న చిన్న మైలలే. వీనికి మాత్రము పెద్దకర్మ లేదు. భర్త పోయిన పిమ్మట పల్లెలోని ముసలితల్లిని కొడుకు చైతన్యపురికి కొనివచ్చి మూడవ అంతస్తులో నుంచును. తిండికి లోటుండదు. కాని ఆమెకు వాకిలి లేదు, వేపచెట్టు లేదు, పిలిచిన పలికెడి పక్కింటామె లేదు. ‘అమ్మా, నీవు కూర్చుండుము, మేము చేసెదము’ అని కోడలు ప్రేమతోనే అనును. దానితో ఆమె చేతికి మిగిలిన పని కూడ పోవును. ఆవకాయ పాళ్ళు ఆమెనే అడుగుట, మనుమనికి కథ చెప్పు పనిని ఆమెకే విడుచుట, వారమున కొకసారి ఊరివారితో ఫోనున మాటాడించుట, ఏటికి రెండు మార్లు పల్లెకు కొనిపోవుట వలన ఆమె మరల ఇంటి మనిషి యగును.

ఓదార్పుతోపాటు లోకవ్యవహారము కూడ చూడవలెను. మరణమును 21 దినములలో గ్రామమున పంచాయతీలోను, నగరమున పురపాలక సంస్థలోను నమోదు చేయింపవలెను. ఆ పత్రము లేనిచో బ్యాంకు, భీమా, పింఛను ఏదియు కదలదు. పేద కుటుంబమున సంపాదించువారు నడివయస్సులో పోయినచో జాతీయ కుటుంబ ప్రయోజన పథకము క్రింద 20,000 రూపాయల సాయము కలదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక పోయిన పురుషుని స్వార్జితమందు భార్యకు, తల్లికి, కుమారునకు, కుమార్తెకు సమాన భాగము కలదు. కన్నీరు ఆరకముందే కాగితములపై వ్రేలిముద్ర వేయించుకొను చుట్టములు లేకపోలేదు. అట్టివేళ చదువు వచ్చిన పొరుగువాడు ప్రక్కన నిలుచుట గొప్ప ఉపకారము. నెలలు గడచినను నిద్రాహారములు కుదురక, బ్రతుకుపై ఆశ విడిచినట్లు మాటాడువారిని ఒంటరిగ విడువరాదు, వైద్యునికి చూపవలెను. ప్రభుత్వము నడుపు టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనను ఫోను చేయవచ్చును; తెలుగులోనే మాటాడవచ్చును.

గ్రంథాలయము చేయదగినది కూడ కలదు. దినపత్రిక చదువు బల్లయొద్దనే దరఖాస్తులు వ్రాసిపెట్టవచ్చును. చాల దినములుగ రాని చందాదారుని ఇంటికి పుస్తకమును చేతపట్టుకొని పోవచ్చును. పుస్తకము పుచ్చుకొనుటకు తలుపు తెరచినవారు రెండు మాటలు చెప్పుకొనుటకును నోరు తెరతురు.

తెలంగాణమున పెత్రమాస నాడు పోయిన పెద్దల పేర బియ్యము ఇత్తురు. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మను పేర్తురు. ఉదయము తలచుకొని కన్నీరు పెట్టిన చేతులే సాయంకాలము తంగేడుపూలు పేర్చును. పోయినవారిని మరువక, ఉన్నవారితో కలిసి బ్రతుకుటకు పూర్వులు ఒకే దినమున చోటు చూపిరి. అయితే పూలు పేర్చుటకు పది చేతులు కావలెను. గడచిన ఏడాది కష్టము చూచిన ఇంటి ఆడపడుచును ఆ సాయంకాలము పేరుపెట్టి పిలుచుకొని వచ్చు బాధ్యత ఆ వీధిలోని ప్రతి ఇంటిదియును.