బండికి కాగితాలెందుకు?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువులు, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకునే సభలో మోటారు బండ్ల ప్రసక్తి ఏమిటని కొందరికి తోచవచ్చు. కాని మనలో ఆటో మీద, వ్యాను మీద, మెకానిక్ షెడ్డు మీద బతికే కుటుంబాలున్నాయి. కాస్త స్థోమత కలిగి కారు కొనుక్కున్నవారూ ఉన్నారు. వీరిలో చాలామంది అనే మాట ఒక్కటే: "మా డబ్బులెట్టి మేం కొనుక్కున్నాం. మళ్లీ రిజిస్ట్రేషనేటి, టాక్సేటి, ఈ తనిఖీలేటి?" దీనికి మాకు తోచిన సమాధానం మనవి చేస్తాము.

ఇంట్లో మంచానికి, బీరువాకు ఎవరూ నంబరు అడగరు. బండి అలాంటిది కాదు గదా! గడప దాటితే అది పదిమంది నడిచే దారిలోకి వస్తుంది. భోగాపురం మొదలు ఇచ్ఛాపురం దాకా పోయే జాతీయ రహదారిని సంతకు వెళ్లేవారు, పొలానికి వెళ్లేవారు, బడిపిల్లలు రోజూ దాటుతూనే ఉంటారు. వారికి కారు లేదు. మన కారు వల్ల వచ్చే ప్రమాదం మాత్రం ఉంది. అందుకే మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1914లోనే దేశానికి మోటారు వాహనాల చట్టం వచ్చింది. ఎదుటివారికి జరిగే నష్టానికి ఇన్సూరెన్సు తప్పనిసరి అన్నది 1939 చట్టంలో చేరింది. ఇప్పుడు నడుస్తున్నది 1988 చట్టం. అది 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.

ముందుగా నంబరు సంగతి. విజయనగరం బండ్లకు 35, శ్రీకాకుళం బండ్లకు 30 అని ఉండేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ 39 అన్నారు. సంఖ్య ఏదైనా దాని పని ఒకటే, యజమాని ఎవరో చెప్పటం. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి ఉన్న పథకం ప్రకారం చనిపోయినవారి కుటుంబానికి వచ్చేది 2 లక్షలు, బాగా దెబ్బలు తగిలినవారికి 50 వేలు. అదే నంబరు తెలిసి, ఇన్సూరెన్సు ఉంటే, పోయినవారి వయసు, సంపాదన, వారిపై ఆధారపడినవారి సంఖ్య చూసి ట్రిబ్యునల్ లెక్కకడుతుంది. ఇంటిపెద్దను పోగొట్టుకున్న ఇల్లాలికి ఈ రెంటికీ ఎంత తేడాయో ఆలోచించండి.

ఇక బండి అమ్మినవారి మాట. డబ్బు చేతిలో పడితే మన పని అయిపోయిందనుకుంటాము. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఇన్సూరెన్సు లేని ఒక కారు చాలా చేతులు మారాక ప్రమాదం చేసింది. కాగితాల్లో ఎవరి పేరుందో ఆయనే నష్టపరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేసిన బండికి ఇల్లు అమ్ముకునే పరిస్థితి ఎందుకు? బరంపురం నుంచి పాత బండ్లు తెచ్చుకునేవారు మరీ జాగ్రత్త పడాలి. ఒరిస్సా నంబరు మీద ఏళ్ల తరబడి తిప్పటం కుదరదు. అక్కడి నుంచి అనుమతి పత్రం తెచ్చి ఇక్కడ నంబరు వేయించుకోవాలి.

సర్కారు సాయానికీ కాగితమే ఆధారం. సొంత ఆటో, టాక్సీ నడుపుకునేవారికి 2019 అక్టోబరులో వాహన మిత్ర కింద ఏడాదికి 10 వేలు ఇచ్చారు. 2025 అక్టోబరులో "ఆటో డ్రైవర్ల సేవలో" పేరున 15 వేలు ఇచ్చారు. బండి ఒకరిది, కాగితం మరొకరిది అయితే ఆ సొమ్ము అందదు.

పన్ను విషయంలో మాత్రం ప్రజల ఫిర్యాదు న్యాయమైనదే. కారు కొన్ననాడే ఖరీదును బట్టి జీవిత పన్ను కడతాము. పెట్రోలు మీద పన్ను వేరు, రహదారి మీద టోలు వేరు. ఇన్ని కట్టాక కూడా గోతుల్లో ఇరుసులు విరుగుతుంటే కడుపు మండదా? అయినా పన్ను ఎగవేస్తే గొయ్యి పూడదు. రసీదు చేత్తో పట్టుకుని "రోడ్డు ఏదీ?" అని అడగగలగాలి. ఎగవేసినవాడికి ఆ నోరు ఉండదు.

తనిఖీ కూడా అంతే. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండి చూసి, అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. కిరాయి బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ చూపించాలి. రోజు కూలి పోగొట్టుకుని వరుసలో నిలబడే ఆటో సోదరుని కష్టం మాకు తెలుసు. దళారి చేతిలో పెడితే బండి చూడకుండానే ముద్ర పడుతుందనే మాటా విన్నాము. అలా పడిన ముద్ర బ్రేకును బాగుచెయ్యదు. ఆ ఆటోలో బడికి వెళ్లేది మన పిల్లలే! తనిఖీ దగ్గర్లో జరగాలి, త్వరగా జరగాలి, నిజంగా జరగాలి. మనం అడగవలసింది ఇదీ.

చివరిగా ఒక మనవి. నెలకొక సాయంత్రం సంఘం దగ్గర చదువుకున్న కుర్రవాళ్లు కూర్చుని, సభ్యుల బండి కాగితాలు చూసి, ఇన్సూరెన్సు గడువు ఎప్పటికో, పేరు మారిందో లేదో చెబితే చాలా మేలు. ఇందుకు ఖర్చేమీ లేదు. ఒక్క కుటుంబం వీధిన పడకుండా ఆగినా మన సంఘం పెట్టినందుకు సార్థకమే.