కంప్యూటరు: కొనుక్కోవడమా, కూర్చుకోవడమా?



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మా ఇంట్లో 2023 వేసవిలో ఈ రెండూ కాని మూడో పని ఒకటి జరిగింది. పెద్దవాడి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. చీటీ డబ్బు చేతికొచ్చింది. కంప్యూటరు కొనాలని ముందే అనుకున్నాం. తీరా కొనే వేళకి మావాడు, "రెడీమేడ్‌ది వద్దమ్మా, సామాను తెచ్చి నేనే బిగిస్తాను" అన్నాడు. మావారు పేపరులోంచి తలెత్తి, "ముందు ఆ ఫ్యాను రెగ్యులేటరు బిగించు, తరవాత చూద్దాం" అన్నారు. తండ్రీకొడుకుల మధ్య తీర్పు చెప్పే పని, ఎప్పటిలాగే, నా మీద పడింది.

కంప్యూటరంటే మిక్సీలాగా ఒకే వస్తువు అని నేననుకునేదాన్ని. కాదండీ. డబ్బా విప్పితే లోపల ఆరేడు వస్తువులుంటాయి. అన్నిటినీ కలిపే పెద్ద పలక మదర్‌బోర్డు. దాని నడిమధ్య కూర్చుని లెక్కలన్నీ చేసేది ప్రాసెసరు. వంట చేస్తున్నంత సేపూ సరుకులు చేతికందేలా గట్టు మీద పెట్టుకుంటాం కదా, ఆ గట్టు లాంటిది ర్యామ్. స్టోరుగది లాంటిది ఎస్.ఎస్.డి. వీటన్నిటికీ కరెంటు సరిచేసి పంచేది పవర్ సప్లై. 1981లో ఐ.బి.ఎం. వారు తమ మొదటి పర్సనల్ కంప్యూటరును చాలావరకు బయట దొరికే భాగాలతోనే తయారుచేశారట. దాన్ని చూసి మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. తరవాత 1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అని కొలతలు నిర్ణయించారు. ఒకరి పలక ఇంకొకరి డబ్బాలో ఇమిడిపోవడానికి కారణం ఇదన్నమాట.

మావాడు రాసిన జాబితా మొత్తం 36 వేలు. అంతే శక్తి గల రెడీమేడ్‌ది షాపులో 52 వేలన్నారు. పదహారు వేలు తేడా! నాకు ఆశ పుట్టింది. కాని పచారీ జాబితా రాసిన చెయ్యి కదా, ఊరుకోలేదు. "ఏరా, ఇందులో కీబోర్డూ మౌసూ ఏవీ?" అన్నాను. రెడీమేడ్‌దానితో అవి వస్తున్నాయి. మరో వెయ్యి. "విండోసో?" అన్నాను. వాడు నీళ్ళు నమిలాడు. "షాపువాళ్ళు ఊరికే ఎక్కించేస్తారమ్మా" అన్నాడు. ఊరికే ఎక్కించేది దొంగ సరుకు. మావారి బ్యాంకు పనులు, పన్ను కాగితాలు అన్నీ ఆ కంప్యూటరులోనే కదా, దొంగ తాళంచెవితో తీసిన బీరువాలో నగలు పెట్టుకుంటామా? సరైన విండోస్‌కి మరో తొమ్మిది వేలు పడింది. (ఉబుంటు వంటివి ఉచితంగానే దొరుకుతాయి, నేర్చుకునే ఓపిక ఉంటే మంచివే. మావారికి ఆ ఓపిక లేదు.) తెరా, యు.పి.ఎస్.సూ ఎలా కొన్నా విడిగా కొనవలసినవే కనుక వాటిని లెక్కలోంచి తీసేశాను. చివరికి తేలిన తేడా ఆరు వేలు.

ఆరు వేల కోసం ఇంత తంటా ఎందుకని మావారు. నాకు మాత్రం మావాడు చెప్పిన ఇంకో మాట నచ్చింది. రెడీమేడ్‌దానిలో పైకి రాసే ప్రాసెసరు పేరు ఘనంగా ఉన్నా, కంటికి కనపడని పవర్ సప్లై దగ్గర కక్కుర్తి పడతారట కొందరు. అదే పాడైతే ఒంటరిగా పోదు, పక్కవాటిని కూడా వెంట తీసుకుపోవచ్చు. మనం కూర్చుకుంటే దాన్ని మనమే ఎంచుకోవచ్చు. సరే అన్నాను.

సికిందరాబాదు పార్క్ లేన్‌లో సి.టి.సి. అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ముగ్గురమూ వెళ్ళాం. ఒక షాపతను, "ఇదే ప్రాసెసరు, చివర ఎఫ్ అని ఉన్నది తీసుకోండి, పదిహేను వందలు తగ్గుతుంది" అన్నాడు. మావాడు ససేమిరా అన్నాడు. ఆ ఎఫ్ రకం ఇంటెల్ ప్రాసెసరులో బొమ్మను తెర మీదికి పంపే భాగం ఉండదట. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే తెర నల్లగానే ఉంటుంది. మరో చోట, "బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తా" అన్నారు. ఈసారి ససేమిరా అన్నది నేను. కూర్చుకున్న కంప్యూటరుకు మొత్తంగా గ్యారంటీ అంటూ ఉండదు. ప్రాసెసరుకు ఒకరు, మదర్‌బోర్డుకు మరొకరు, ఎవరి వస్తువుకు వారే పూచీ. సాధారణంగా మూడేళ్ళు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. బిల్లు లేకపోతే ఎవరి గడప ఎక్కి అడుగుతాం?

బిగించడం భోజనాల బల్ల మీద జరిగింది. టార్చిలైటు పట్టుకునే పని నాది. ఏది ఎక్కడ పెడుతున్నాడో చెబుతూ బిగించమన్నాను, వాడు విసుక్కుంటూనే చెప్పాడు. నాలుగు గంటలు పట్టింది. స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి కాని తెర వెలగలేదు. మావారి ముఖం చూడాలి అప్పుడు! ఒక్క మాటా అనలేదు, అనకపోవడమే ఎక్కువ భయం వేసింది. అరగంట వెతికాక, ప్రాసెసరుకు విడిగా పెట్టవలసిన కరెంటు తీగ మరిచిపోయాడని తేలింది. పెట్టగానే వెలిగింది. కొబ్బరికాయ కొట్టాం.

అసలు కథ ఇక్కడ మొదలు. పిల్లవాడు హైదరాబాదులోనే చదువుతాడు, కంప్యూటరు సంగతి వాడే చూసుకుంటాడు అన్నది మా ధీమా. కౌన్సెలింగులో వరంగల్లులో సీటు వచ్చింది. డెస్క్‌టాపు హాస్టలుకు తీసుకుపోయేది కాదు. వాడు వెళ్ళాడు, అది మిగిలింది.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక రాత్రి అది పని చెయ్యడం మానేసింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నలుపు. పదో తరగతి అమ్మాయి పొద్దున్నే ఇవ్వవలసిన ప్రాజెక్టు అంతా అందులోనే ఉంది. పిల్ల ఏడుపు. మా వీధి చివర రిపేరు షాపుకు ఫోను చేస్తే, చూడకుండానే "మదర్‌బోర్డు పోయుంటుంది, తెచ్చి పెట్టండి, పది వేలవుతుంది" అన్నాడు. "ఆరు వేలు మిగిల్చారు కదా, ఇంకో నాలుగు వేసి ఇవ్వండి" అన్నారు మావారు.

వరంగల్లుకు ఫోను చేశాం. "అమ్మా, నువ్వు టార్చి పట్టుకున్నావు కదా, ర్యామ్ ఏదో గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది. ప్లగ్గు తీసేశాను. స్విచ్చి కాసేపు నొక్కి పట్టుకుని, లోపల మిగిలిన కరెంటు పోనిచ్చాను. డబ్బా ఇనుమును ముట్టుకున్నాను, ఒంట్లోని విద్యుత్తు ఆ భాగాలకు తగలకుండా. కొస క్లిప్పు విప్పి ఆ పలకను బయటికి తీశాను. దాని అంచున బంగారు రంగు పళ్ళుంటాయి. వాటిని అమ్మాయి పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు ఊదకుండా బట్టతో తీసేసి, టిక్కుమనే దాకా నొక్కాను. తెర వెలిగింది. పైసా ఖర్చు లేదు. మావారు కాఫీ పెట్టి తెచ్చారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో రాత్రి పదకొండింటికి ఆయన పెట్టిన మొదటి కాఫీ అది.

ఇది విని అందరూ కూర్చుకోండని చెప్పడం లేదు నేను. విజయవాడలో మా వదినగారు, అంటే మావారి అక్కగారు, రెడీమేడ్‌ది కొన్నారు. మొదటి నెలలోనే తెర సరిగా రాలేదు. ఫోను చేస్తే రెండో రోజు మనిషి ఇంటికొచ్చి భాగం మార్చి వెళ్ళాడు, డబ్బు తీసుకోలేదు. ఆ సుఖం మాకు లేదు. కాని ఏడాది గ్యారంటీ దాటి, నాలుగో ఏట పవర్ సప్లై పోయింది. బజారులో దొరికేది అందులో పట్టలేదు. ఆ కంపెనీ కొలతలే వేరు, తీగల కొసలు వేరు. వాళ్ళ భాగమే తెప్పించుకోవాలి. మూడు వారాలు పట్టింది, ధర రెట్టింపు. "అయినా మళ్ళీ కొంటే ఇదే కొంటాను" అంది వదిన. అబ్బాయి డాలస్‌లో, ఇంట్లో ఉన్నది పెద్దవాళ్ళిద్దరూ. ఆమె అన్నది సబబే. ఆ ఇంటికి మా ఇంటి తీర్పు పనికిరాదు.

షాపువాళ్ళ చేతే బిగించుకోవడం మధ్యేమార్గం. నలుగురూ చేసేది ఇదే. అప్పుడు బిల్లు మీద ప్రతి భాగం పేరూ, నంబరూ విడివిడిగా రాయించుకోండి. బిగించేటప్పుడు పక్కన నిలబడండి. పెట్టెలన్నీ అడిగి ఇంటికి తెచ్చుకోండి, అవి షాపులో వదిలేసే వస్తువులు కావు.

ధరల మాట ఒకటి. నేను చెప్పిన లెక్క 2023 నాటిది. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలు మెమొరీ చిప్పులన్నీ లాగేసుకోవడంతో ర్యామ్ ధర రెట్టింపు దాటింది. ఆ రోజుల్లో ఇదే జాబితా పట్టుకు వెళ్ళి ఉంటే నా ఆరు వేలు ఏనాడో హరించుకుపోయేవి. కనుక కూర్చుకుంటే చవక అని ఎవరైనా అంటే, ఆ రోజు ధరలతో మీరే కాగితం మీద కూడి చూసుకోండి, కీబోర్డుతో సహా.

మా ఖాళీ పెట్టెలు అటక మీద ఉన్నాయి. పండగ దులుపుళ్ళకు మావారు పారేద్దామంటే నేను పడనివ్వలేదు. టార్చిలైటూ, పెన్సిలు రబ్బరూ ఇప్పుడు కంప్యూటరు బల్ల సొరుగులోనే ఉంటున్నాయి. సెలవు.