ఆదివారం బడికి అధికారం ఏది?

(దూరవిద్య స్టడీ సెంటర్ల విద్యార్థులు, కౌన్సెలర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో టైలర్లున్నారు, హోంగార్డులున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు, బీడీలు చుట్టే అక్కలున్నారు. ఆరు రోజులు కష్టం చేసి ఏడో రోజు పుస్తకం పట్టేవాళ్లు మీరు. పరీక్ష ఎట్లా పాసు కావాలో చెప్పడానికి మేం రాలేదు. మీ ఫీజుతో, మీ పేరు మీద నడిచే విశ్వవిద్యాలయాన్ని ఎవరు నడుపుతున్నారనే ముచ్చట మాట్లాడుకుందామని వచ్చాం.

దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన హైదరాబాదులోనే. 1982లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చట్టం చేసి దాన్ని స్థాపించింది. ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది ఆ తర్వాత మూడేండ్లకు, 1985లో. రెండింటికీ తొలి వైస్ ఛాన్సలర్ ఒక్కరే, కరీంనగర్ జిల్లా బిడ్డ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1991లో, అంబేద్కర్ శతజయంతి ఏట, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఇంటర్ చదవని వాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారిని తొలినాళ్లలో తెరిచింది ఈ సంస్థే. బడి మానేసిన ఎంతోమందికి అది రెండో బతుకు.

మరి దీని కట్టడం ఎట్లా ఉంటుంది? పైన ఛాన్సలర్‌గా గవర్నర్, ఆయన కింద వైస్ ఛాన్సలర్. నిర్ణయాలకు పాలకమండలి, చదువు సంగతులకు విద్యామండలి, డబ్బు లెక్కలకు ఆర్థిక సంఘం. ఢిల్లీ నుంచి యూజీసీ నిబంధనలు. 1991 నుంచి దూరవిద్యను చూసిన డిస్టెన్స్ ఎడ్యుకేషన్ కౌన్సిల్ 2013లో రద్దయింది, ఆ పని యూజీసీ చేతికి పోయింది. ఇదంతా పై అంతస్తు. కింద ప్రాంతీయ కేంద్రాలు, ఇంకా కింద స్టడీ సెంటర్. ఆ సెంటర్‌కు చాలాచోట్ల సొంత గది ఉండదు. వేరే కాలేజీలో ఆదివారం దొరికిన గదే దాని క్లాసు. అక్కడ పాఠం చెప్పే కౌన్సెలర్ పార్ట్‌టైం మనిషి, క్లాసుకింత అని గౌరవ వేతనం.

మామూలు కాలేజీలో ఆఫీసు ఎంత అధ్వానంగా ఉన్నా, మంచి లెక్చరర్ ఒకడుంటే పిల్లల చదువు సాగుతుంది. దూరవిద్యలో అట్లా కాదు. ఒకరు పాఠం రాయాలి, ఒకరు దిద్దాలి, ప్రెస్సు అచ్చు వేయాలి, గోదాము నుంచి పుస్తకం సెంటర్‌కు చేరాలి, పరీక్షల విభాగం హాల్‌టికెట్ పంపాలి. ఇందులో ఒక్క కొలికి తప్పినా విద్యార్థి ఏడాది పోతుంది. పరీక్షలు దగ్గర పడ్డాక పుస్తకం వస్తే దాన్ని ఎప్పుడు చదవాలి? ఇక్కడ ఆఫీసు పని వేరు, చదువు వేరు కాదు. కాబట్టి పాలన సంగతి మాకెందుకని విద్యార్థి అనుకోవడానికి లేదు.

బ్రిటన్ సంగతి చూడండి. అక్కడి ఓపెన్ యూనివర్సిటీకి 1969లో చార్టర్ వచ్చింది, 1971లో తొలి విద్యార్థులు చదువు మొదలుపెట్టారు. అక్కడ పాలక కౌన్సిల్లో, సెనెట్లో విద్యార్థుల ప్రతినిధులకు చోటుంది. మన కౌన్సెలర్ల వంటి అసోసియేట్ లెక్చరర్లు కూడా సెనెట్లో కూర్చుంటారు. 2022లో వాళ్లకు శాశ్వత కాంట్రాక్టులు వచ్చాయి. అది దయ తలచి ఇచ్చింది కాదు, వాళ్ల యూనియన్ ఏండ్ల తరబడి కొట్లాడి సాధించింది.

రాంరెడ్డి గారు పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన మనిషి. ఊరి సంగతి ఊరే తేల్చుకోవాలనే చర్చను జీవితమంతా నడిపిన పండితుడు. ఆయన నిలబెట్టిన సంస్థకు స్టడీ సెంటర్లే గ్రామపంచాయతీలు. పంచాయతీకి నిధి, అధికారం లేకుండా బోర్డు మాత్రమే ఇస్తే ఏమవుతుందో మన ఊళ్లలో చూసినవాళ్లమే గదా!

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. విభజన చట్టం పదో షెడ్యూలులో ఈ విశ్వవిద్యాలయం పేరు కూడా ఉంది. ఏ ఆస్తి ఎవరిది, ఏ ఉద్యోగి ఎటు అనే తకరారు మీద బోలెడు కాగితాలు నడిచాయి. అది తేలాల్సిందే. అయితే సంస్థ మన చేతికి వస్తే సరిపోదు. మన అంటే ఎవరు? జూబ్లీహిల్స్‌లో ఫైలు మీద సంతకం పెట్టే చెయ్యి ఒక్కటేనా, ఆదివారం బస్సెక్కి సెంటర్‌కొచ్చే చెయ్యి కూడానా?

మేం అడిగేవి నాలుగే. పాలకమండలిలో, విద్యామండలిలో కౌన్సెలర్లు, విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. ప్రతి సెంటర్‌కు తన చేతిలో కొంత నిధి ఉండాలి. పుస్తకాలన్నీ అందిన తర్వాతే పరీక్ష తేదీ ప్రకటించాలి. వైస్ ఛాన్సలర్ కుర్చీ ఖాళీ అయ్యేలోపే కొత్తవారి ఎంపిక పూర్తి కావాలి.

వచ్చే ఆదివారం సెంటర్‌కు పోయినప్పుడు ఒక కాగితం తీయండి. ఏ పుస్తకం ఏ తేదీన అందింది, ఎన్ని క్లాసులు జరిగినయి, ఎన్ని జరగలేదు, రాయండి. అందరూ సంతకాలు పెట్టండి. ఆ కాగితాలన్నీ కలిపి పాలకమండలి ముందుకు మేం మోసుకుపోతాం. మీరూ మా వెంట రండి.