మాజీ సైనికుల వైద్యశాలయు, వైద్యనాయకుని ధర్మమును
(కుందుర్పి మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరియుండిరి. జీవితమంతయు బడిపంతులుగా గడపి విరమించినవారిని మఱి దేనినిగూర్చి యడుగుదురు? కాని విద్యనుగూర్చి మేము ప్రతి సంవత్సరమును చెప్పుచునే యున్నాము. మీరును వినుచునే యున్నారు. ఈ యేడు వారి యనుజ్ఞతో విషయమును మార్చుకొంటిమి. సైన్యమున సేవచేసి యిండ్లకు మరలివచ్చినవారికి నిత్యవైద్యము చేయు వైద్యశాలను గూర్చియు, దానికి పెద్దయై నిలుచు వైద్యుని పనిని గూర్చియు నేడు విన్నవింపదలచితిమి.

మన కుందుర్పి సీమ యెట్టిదో మీకు చెప్పనక్కఱలేదు. జిల్లా మొత్తముమీద ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియైనను వేరుసెనగకు ఊడలు దిగు వేళకు మొగము చాటువేయును. వానను నమ్ముకొనలేని యిండ్లవారు కొందఱు బిడ్డలను బెంగుళూరికి కూలికి పంపిరి. కొందఱు పటాలమునకు పంపిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున మద్రాసు రాజధానినుండి సైన్యమున చేరినవారి సంఖ్య మిక్కిలి పెద్దది. వారిలో దేశభక్తిచే పోయినవారెందఱో, కఱవుచే పోయినవారెందఱో లెక్కపెట్టుట కష్టము. ఏ కారణమున పోయినను, తిరిగివచ్చినవాని మోకాళ్ల నొప్పియు, చెవిటితనమును, రక్తపుపోటును ఒక్కటియే.

ఇట్టివారికి 2003వ సంవత్సరమువఱకు ప్రత్యేకమైన సమగ్ర వైద్యపథకము లేకుండెను. కేంద్రప్రభుత్వపు పౌరోద్యోగులకు అట్టిది చాలకాలము పూర్వమే యేర్పడియుండెను. సైనికులు మాత్రము సైనిక ఆసుపత్రులలో చోటు దొరకినపుడు చూపించుకొనుచు, దొరకనిచో చేతిసొమ్ము ఖర్చుపెట్టుకొనుచు వచ్చిరి. 2003 ఏప్రిల్ 1వ తేదీనుండి ఎక్స్‌సర్వీస్‌మెన్ కాంట్రిబ్యూటరీ హెల్త్ స్కీము అను పథకము అమలులోనికి వచ్చినది. మనవారు దానిని ఇ.సి.హెచ్.ఎస్. అని వ్యవహరింతురు. పింఛనుదారు ఒక్కసారి చందా చెల్లించినచో అతనికిని, భార్యకును, ఆశ్రితులకును ఆజీవనము వైద్యము లభించును. యుద్ధమున భర్తను కోల్పోయిన వీరనారులు చందా చెల్లింపనక్కఱలేదు. 2019వ సంవత్సరమున రెండవ ప్రపంచయుద్ధపు వృద్ధసైనికులకును, పింఛను లేక విరమించిన మఱికొన్ని తరగతులవారికిని గూడ ఇందు ప్రవేశము కల్పింపబడినది. దేశమందంతటను నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్కు లేర్పడినవి. మన జిల్లాకు అనంతపురమున నొకటి కలదు. అచ్చటి వైద్యుడు పరీక్షించి మందులిచ్చును. తనచేత కానిదైనచో చీటి వ్రాసి, పథకమున చేర్చబడిన పెద్ద ఆసుపత్రికి పంపును.

ఇంతవఱకు మీలో పలువు రెఱిగినదే. ఇక మేము చెప్పదలచిన దానికి వత్తుము.

చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయము చికిత్సకు నాలుగు పాదములను చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు, వెరసి పదునాఱు. నాలుగింటిలో వైద్యుడే ప్రధానుడని ఆచార్యుని మతము. మన్ను, చక్రము, కఱ్ఱ, దారము అన్నియు నున్నను కుమ్మరి లేనిదే కుండ కాదని యుపమానము చూపెను. ఈ మాటను విని వైద్యులు కొందఱు గర్వింతురు. ప్రధానత్వమనగా పెత్తనమని వారి తలంపు. మా బుద్ధికి తోచినంతలో దాని యర్థము వేఱు. కుమ్మరికి మన్ను ఎట్టిదో తెలియవలెను, చక్రము తిరుగుచున్నదో లేదో చూచుకొనవలెను. కుండ పగిలినచో మన్నును తిట్టి ప్రయోజనము లేదు. అట్లే వైద్యశాలకు పెద్దయైనవానికి తక్కిన మూడు పాదముల కుంటును తన కుంటే యగుచున్నది.

ఇందు రోగి గుణములను పరికింపుడు. స్మృతి, చెప్పినట్లు చేయుట, భయము లేకుండుట, జ్ఞాపకత్వము. ఈ కడపటి మాట తెలుగున మనము వాడు జ్ఞాపకము కాదు సుమా! తన బాధను వైద్యునికి తెలియజెప్పగలుగుట యని యర్థము. మాజీ సైనికునియందు నడిమి రెండు గుణములును సమృద్ధిగా నుండును. ఆజ్ఞ యిచ్చిన చేయును, సూదికి జంకడు. నాలుగవ గుణమే లోపించును. ఇరువదియేండ్లు బాధను పైకి చెప్పకుండుట నేర్పిన వృత్తి యది. పదాతిదళమున చేరినవాడు కాలు నొచ్చుచున్నదని చెప్పుటకు సిగ్గుపడును. వైద్యుడు ‘ఎట్లున్నావు?’ అని యడిగిన ‘బాగున్నాను సార్’ అని అటెన్షనులో నిలుచును. ఫిరంగుల మ్రోతకు చెవులు మందగించినవాడు అడిగిన ప్రశ్న వినబడకున్నను ‘అవును సార్’ అనును. వైద్యుడు అవునన్నాడు గదాయని వ్రాసికొనును. అభీరుత్వము జ్ఞాపకత్వమునకు శత్రువగుట చరకుని పట్టికలో లేదు. మన సుబేదారుల యిండ్లలో కలదు.

మా శిష్యురాలొకతె వైద్యవిద్య ముగించి ఇట్టి వైద్యశాల యొకదానియందు కొంతకాలము ప్రధానవైద్యురాలుగా పనిచేసినది. ఊరిపేరు ఇచ్చట ననవసరము. ఆమె చేసిన మొదటి మార్పు చాల చిన్నది. రోగి తనయొద్దకు వచ్చుటకు ముందే వసారాలో నర్సు ప్రక్కన కూర్చుండి మాటలాడవలెను. బల్లకు ఎదురుగా నిలువబెట్టి ప్రశ్నింపరాదు. భార్య వచ్చినచో ఆమెను బయట నుంచక లోపలికి పిలువవలెను. ‘అయ్యా, నా భర్త రాత్రి నిదురలో కేకలు వేయును, లేచి తలుపులు చూచివచ్చును’ అను మాట పదునెనిమిదేండ్లకు మొదటిసారిగా ఒక యిల్లాలి నోట నర్సు వినినదట! ఆ హవల్దారు అంతవఱకు రక్తపుపోటుకు మాత్రలు తీసికొని పోవుచుండెను. ఆయన చిట్టాలో నిదురనుగూర్చి ఒక్క అక్షరము లేదు. అచ్చటి నర్సునకు ఆ మాట విను నేర్పు పూర్వము లేదనుకొందురా? వినుట తన పనియని ఆమెతో ఎవ్వరును చెప్పియుండలేదు.

ఆ చిన్నది మాతో మఱియొక చిక్కును చెప్పినది. పాలీక్లినిక్కులందు అధికారిగా నియమింపబడువాడు సాధారణముగా విరమించిన సైనికాధికారి. అతడు వైద్యుడే కావలెనను నియమము లేదు. వైద్యాధికారులు వేఱు. వీరందఱును ఒప్పందముమీద పనిచేయువారే. కావున హాజరుపట్టీ యొకరి చేతిలో, రోగి నాడి మఱియొకరి చేతిలో ఉండును. మందు నిండుకొన్ననాడు వృద్ధుడు ఎవరి యెదుట నిలువవలెను? అధికారి మందుల జాబితాను చూపును. ఫార్మసిస్టు పైనుండి రాలేదనును. వైద్యుడు తాను వ్రాసియిచ్చితి ననును. ముగ్గురును సత్యమే పలికిరి, ముసలివాడు రిక్తహస్తములతో బస్సెక్కెను. ఆమె ప్రతి శనివారమును అధికారితోను ఫార్మసిస్టుతోను కలసి కూర్చుండి, వచ్చు నెలకు చక్కెరవ్యాధి మందు ఎందఱికి, రక్తపుపోటు మందు ఎందఱికి కావలెనో లెక్కవేయునట. ఇది వైద్యమా, గుమాస్తాగిరియా యని తోడివైద్యులు నవ్విరట! ఔషధము రెండవ పాదమని చదివినవారు నవ్వరు.

మన సీమకు వచ్చు వైద్యుడు మఱియొకటియు నెఱుగవలెను. మన బోరునీళ్లలో ఫ్లోరైడు హెచ్చు. పండ్లపై గోధుమరంగు చారలు, ముదిమిలో బిగుసుకొనిపోవు వెన్ను, వంగని మోకాళ్లు ఇచ్చటివారికి క్రొత్తకాదు. మంచుకొండలలో కాపలా కాచి వచ్చినవాని మోకాలినొప్పి బరువుమోతవలన కలిగినదో, ఊరి నీటివలన కలిగినదో తెలియక మాత్రలిచ్చుట చీకటిలో బాణము వేయుట. పైగా కన్నడసీమ అంచున నున్న మనయూళ్లలో ముసలమ్మలు కొందఱు బాధ చెప్పుకొనునపుడు కన్నడమునకే దిగుదురు. ఆ భాష తెలిసిన పరిచారకుని వెదకి పెట్టుకొనుటయు నాయకుని పనియే.

ఇతర దేశముల మాట యొకటి చెప్పెదము. అమెరికా సంయుక్తరాష్ట్రములందు మాజీ సైనికుల వైద్యమునకై 1930లో ఒక ప్రత్యేక శాఖ యేర్పడినది. మన గుంటూరు, కర్నూలు, విశాఖపట్టణముల వైద్యకళాశాలలలో చదివిన తెలుగువారు అందు పలువురు పనిచేయుచున్నారు. 1994లో ఆ శాఖ వైద్యవిభాగమునకు కెనెత్ కైజరు అను వైద్యుడు అధిపతి యయ్యెను. అప్పటికి అది ప్రధానముగా ఆసుపత్రి పడకలపై నడచుచుండెను. ఆయన 1999వఱకు పనిచేసి, పడకలను సగమునకు పైగా తగ్గించి, ప్రజల యూళ్లకు దగ్గఱగా వందలకొలది చిన్న వైద్యశాలలను తెఱపించెను. 2010నుండి ప్రతి రోగికిని వైద్యుడు, నర్సు, సహాయకుడు, గుమాస్తా కలసిన యొక చిన్న జట్టును కేటాయించు పద్ధతి వచ్చినది. ఒక పూర్తికాలపు వైద్యునికి సుమారు 1,200 మంది రోగులు.

అంత చేసిన యా శాఖయందే 2014లో గొప్ప యపకీర్తి పుట్టెను. రోగి కోరిన పదునాలుగు దినములలోగా వైద్యుడు చూడవలెనని పైవారు గడువు విధించిరి. అందుకు చాలినంతమంది వైద్యులు లేరు. ఫీనిక్స్ మొదలగు చోట్ల ఉద్యోగులు గడువు తప్పలేదని చూపుటకు అసలు నిరీక్షణను దాచి వేఱు జాబితాలు వ్రాసిరి. శాఖామంత్రి యెరిక్ షిన్‌సెకీ ఆ మే నెల 30వ తేదీన పదవి వదలుకొనవలసి వచ్చెను. ఆయన స్వయముగా వియత్నాము యుద్ధమున గాయపడిన సైనికుడు! కేవలము మంచివాడగుట చాలదని దీనివలన తెలియుచున్నది. వసారాలో ఎవరు ఎంతసేపు కూర్చుండిరో లేచిపోయి చూడని నాయకునికి కాగితము ఎల్లప్పుడును శుభమే చెప్పును. మా పాఠశాలలకు పరీక్షాధికారి వచ్చు దినమున హాజరు ఎట్లు పెరుగుచుండెనో మీలో ముదుసలులు మఱచియుండరు.

మన సంఘము చేయదగిన పని యేమి? పోషకులు ఏటేట విద్యార్థివేతనము లిచ్చుచున్నారు. వైద్యవిద్యకు వేతనము పొందిన బిడ్డలు బెంగుళూరిలో స్థిరపడుటను మేము తప్పు పట్టము. అప్పులు తీరవలెను గదా. కాని వేతనమిచ్చునపుడు ఒక షరతు కోరుచున్నాము: చదువు ముగిసిన పిదప రెండేండ్లు మాజీ సైనికుల వైద్యశాలలోగాని, మన మండలములోని ప్రభుత్వ వైద్యశాలలోగాని పనిచేయవలెను. ఒప్పందపు కొలువునకు వచ్చు జీతము పట్టణపు రాబడికి చాలనిచో ఆ వెలితిని సంఘనిధి కొంత పూరింపవచ్చును. ఈ మాట కార్యవర్గమున కొందఱికి రుచింపదని మే మెఱుగుదుము. కల్యాణమంటపమునకు సున్నము కొట్టించుట కంటె ఇది యక్కఱయని మా యభిప్రాయము.

రెండవది ఖర్చులేనిది. కుందుర్పినుండి కళ్యాణదుర్గము మీదుగా అనంతపురము పోయి, వరుసలో నిలిచి, తిరిగివచ్చుటకు ముసలివారికి ఒక దినము పూర్తిగా చెల్లును. 2021 మే 27న రక్షణశాఖవారు సేహత్ ఓపీడీ అను పేర టెలిఫోనుతెరపై వైద్యునితో మాటలాడు సదుపాయమును ప్రారంభించిరి. అది మాజీ సైనికులకును కుటుంబములకును ఉచితము. ఫోను నొక్కుట రాని తాతకు దానివలన ఫలమేమి? ప్రక్కన కూర్చుండి నొక్కిపెట్టు మనుమడు కావలెను. అట్లే, ఆపదలో పథకమున చేరని ఆసుపత్రియందు చేర్పించినచో 48 గంటలలోగా పాలీక్లినిక్కునకు తెలుపవలెనను నియమమును ఎఱుగక పలువురు ఖర్చును తామే భరించిరి. చదువుకొన్న యువకులు నలుగురు నెలకు రెండు ఆదివారములు కేటాయించినచో, ఈ చుట్టుపట్ల నున్న పింఛనుదారుల స్మార్టుకార్డులు, మందుచీటులు, వీరనారుల కాగితములు సరిచూడవచ్చును.

ఇద్దఱు యువకులు ఇదివఱకే మాకు మాట యిచ్చిరి. ఇంకను ఇద్దఱు కావలెను. భోజనానంతరము మేము వేదికకు కుడిప్రక్కనున్న వేపచెట్టుక్రింద పుస్తకముతో కూర్చుండెదము. మాజీ సైనికులు తమ కార్డులతోడను, వీలైనచో భార్యలతోడను రావలెనని మా మనవి.