నోరు మంచిదైతే...



ఏటా ఈ వేదికపై చదువుల గురించి మాట్లాడే మేము ఈసారి నోటి దుర్వాసన గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. ఇది నవ్వే విషయం కాదని మాకు ఒక విద్యార్థిని నేర్పింది.

ఏడో తరగతి పిల్ల. తండ్రి కొల్లేరు వైపు చేపల చెరువుల్లో కూలి. పక్కన ఎవరూ కూర్చోవడం లేదని ఆమెను మేమే చివరి బెంచీకి మార్చాం. చదవమంటే నోటికి చున్నీ అడ్డుపెట్టుకునేది. కొన్నాళ్లకు మాట్లాడడమే మానేసింది. చదువు రాదనుకున్నాం. ఒకరోజు బుగ్గ వాచి వస్తే ఏలూరులో దంతవైద్యునికి చూపించాం. రెండు దవడ పళ్లు పుచ్చి చీము పట్టాయి. వైద్యం అయ్యాక ఆ పిల్లే ఉదయం అసెంబ్లీలో వార్తలు చదివింది. తప్పు మాదేనని అప్పుడు తెలిసింది.

చాలామంది అనుకున్నట్టు ఈ వాసన పొట్టలోంచి రాదు. ఎక్కువగా నోట్లోంచే వస్తుంది. పళ్ల సందుల్లో ఇరుక్కున్న ఆహారాన్నీ, నాలుక వెనుక భాగాన పేరుకున్న పాచినీ బాక్టీరియా కుళ్లబెడితే గంధకం కలిసిన వాయువులు పుడతాయి. నోటిని కడిగేది లాలాజలం. నిద్రలో అది తగ్గుతుంది కనుక పొద్దున్నే వాసన ఎక్కువ. చిగుళ్ల జబ్బు, టాన్సిల్స్, సైనస్, అదుపు తప్పిన షుగర్ కూడా కారణాలే. తాడేపల్లిగూడెం మార్కెట్ ఉల్లిపాయ సంగతి వేరు. ఉల్లి, వెల్లుల్లి వాసన రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా వస్తుంది. బ్రష్ చేసినా కొన్ని గంటలు పోదు. అవి తిని మసీదుకు రావద్దని ప్రవక్త (స) చెప్పింది తోటివారి ఇబ్బంది తెలిసే.

వుజూలో రోజుకు ఐదుసార్లు నోరు పుక్కిలించే అలవాటు మనకుంది. మిస్వాక్ సున్నత్ ఉంది. అయినా గుట్కా, ఖైనీ మన వీధుల్లో ఎందుకున్నాయి? అవి చిగుళ్లను పాడుచేస్తాయి, క్యాన్సర్ తెస్తాయి. సోంపు, లవంగం వాసనను కాసేపు కప్పుతాయి, జబ్బును పోగొట్టవు.

చేయవలసినవి కొన్నే. ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు రెండు నిమిషాలు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవాలి. నాలుక గీసుకోవాలి. మంచినీళ్లు బాగా తాగాలి. మూడు నెలలకోసారి బ్రష్ మార్చాలి. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడగాలి. రంజాన్‌లో సహరీ తిన్నాక, ఇఫ్తార్ తర్వాత నోరు శుభ్రం చేసుకోవాలి. ఉపవాసి నోటి వాసన అల్లాహ్‌కు కస్తూరి కన్నా ప్రియమని విన్నాం. అది పుచ్చిన పన్నును వదిలేయడానికి సాకు కాదు. ఇవన్నీ చేసినా రెండు వారాల్లో తగ్గకపోతే దంతవైద్యుణ్ణి కలవాలి.

దాతలకు ఒక మనవి. మీరిచ్చిన పుస్తకాలు, ఫీజులు ఎందరినో నిలబెట్టాయి. వచ్చే ఏడు వాటితోపాటు ప్రతి పిల్లకూ ఒక బ్రష్, ఒక పేస్టు ఇద్దాం. కొల్లేరు లంక గ్రామాల్లో ఏడాదికోసారి దంత వైద్య శిబిరం పెడదాం. శిబిరంలో తేలిన పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత ఉపాధ్యాయులుగా మేము తీసుకుంటాం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు తెరవడానికే సిగ్గుపడే పిల్ల ఏ చివరి బెంచీలోనూ మిగలకూడదు.