ఎలుగు గురించి చెప్పినట్టే

మా కంచిలి వైపు పనస పండే రోజుల్లో ఏ ఇంట చూసినా పిల్లలకు ఒక పాఠం నడుస్తుంది. తెల్లవారకుండా తోటకు వెళ్లొద్దు. మసకపడ్డాక అక్కడ ఉండొద్దు. ఒంటరిగా అసలే వద్దు, వెళ్తే గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. పనసకీ జీడిమామిడి పండుకీ ఎలుగు దిగుతుందని ఐదేళ్ల గుంటలకు కూడా తెలుసు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో అది ఒక రైతు ప్రాణం తీసిన సంగతి మా ఉద్దానంలో ఎవరూ మరిచిపోలేదు.

ఎప్పుడు, ఎక్కడ, ఏం చెయ్యాలి అన్నీ ఉన్న పాఠం అది. చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. అదే మనిషి వల్ల వచ్చే ఆపద దగ్గరకొచ్చేసరికి "బూచోడు ఎత్తుకుపోతాడు" అని ఊరుకుంటాం. బూచోడికి ముఖం లేదు, పేరు లేదు. జాతీయ నేర గణాంకాలు చూడండి: పిల్లలపై అత్యాచారం కేసుల్లో 100కి 90కి పైగా నిందితులు ఆ పిల్లలకు తెలిసినవాళ్లే. చాక్లెట్ ఇచ్చే కొత్తమనిషి ఒక్కడి గురించే చెప్తే ఏం సరిపోతుంది?

మనిషి గురించిన పాఠం మూడు నాలుగేళ్లప్పుడు, స్నానం చేయిస్తూ మొదలుపెట్టండి. కన్ను, ముక్కు అని నేర్పినట్టే మిగతా ఒంటికీ పేర్లు చెప్పండి. పేరు తెలియని చోట ఏం జరిగిందో బిడ్డ చెప్పలేదు. చెడ్డీ కప్పే చోట్లను ఇంకొకరు ముట్టకూడదు, చూడకూడదు, తమవి చూపించకూడదు. కడిగే అమ్మ, అమ్మ పక్కనుండగా చూసే డాక్టరు వేరు. "ఇది మనిద్దరికే, అమ్మకు చెప్పకు" అని ఎవరైనా అంటే ఆ మాటే ముందు అమ్మకు చెప్పాలి. మగపిల్లలకూ ఇదే పాఠం.

పెళ్లిళ్లలో, పండగల్లో చుట్టాలు ముద్దిమ్మంటారు, ఒళ్లో కూర్చోమంటారు. బిడ్డ వెనక్కి జరిగితే "తప్పమ్మా, మావయ్యే కదా" అని తొయ్యకండి. నమస్కారం పెడితే చాలు. ఇంట్లో మనమే "వద్దు" అననివ్వకపోతే, బయట ఎలా అంటుంది?

ఇంకొకటి మన ఊళ్లలో చూసేదే. ఎన్నో ఇళ్లలో తండ్రి హైదరాబాదులోనో గల్ఫులోనో ఉంటాడు, బిడ్డ తాతా నానమ్మల దగ్గర. బడి గేటు దగ్గర ఎవరో వచ్చి "మీ నాన్న రైలు దిగాడు, రా" అంటే ఏ బిడ్డ ఆగుతుంది? అందుకే ఇంటికో గుర్తుమాట పెట్టుకోండి. ఆ మాట చెప్పలేనివాడు తెలిసినవాడైనా సరే, వెంట వెళ్లకూడదు.

బిడ్డ వచ్చి ఏదైనా చెప్తే "అక్కడికెందుకెళ్లావు?" అనకండి. నమ్మండి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. పోలీసు యూనిఫాం వేసుకుని రాకూడదు, బిడ్డ పేరు బయటపెట్టకూడదు. పరువు పోతుందని దాచినా నేరమే.

ఇక ఆ గుర్తుమాట ఒక్కసారి చెప్తే నిలవదు, ఆటలా ఆడించాలి. మొన్న మా వీధిలో ఓ పాపని, "మీ ఇంటి మాట ఏంటమ్మా?" అని నేనే అడిగాను. నా వైపు ఓసారి చూసి, "చెప్పను" అని లోపలికి పోయి తలుపేసుకుంది.